అమ్మ అన్న ‘దా’

ఆదివారం రాత్రి, ఏక్‌బాల్‌పూర్

మిలోష్ భోజనానికొచ్చి వెళ్లాడు. సెర్బియాలో చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుతో మొదలుపెట్టి, గ్రీస్‌లో, మలేషియాలో ఆడి, చివరికి మా క్లబ్బుకొచ్చాడు. మిడ్‌ఫీల్డ్‌లో అతనుంటే మిగతావాళ్లకు ధైర్యం. అతని మోకాలికి ఇన్ని నెలలుగా ఫిజియోథెరపీ చేస్తున్నది నేనే. నిన్న స్కాన్ రిపోర్టు చూశాను. ఇక ఆడలేడు. రేపు తనే చెబుతానని, అంతదాకా నన్ను నోరెత్తొద్దని డాక్టరుగారన్నారు.

ఇక్కడి బెంగాలీలందరూ మనం ‘అన్నా’ అన్నట్టు "మిలోష్ దా" అని పిలిస్తే మొదట్లో తెగ నవ్వేవాడు. అతని సెర్బియన్ భాషలో ‘దా’ అంటే ఔను.

గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "నేను మళ్లీ ఆడతానా?" అని ఇంగ్లిష్‌లో అడిగాడు. నేను తల దించుకున్నాను. వెళ్లొస్తానంటున్నాడనుకుని అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"మళ్లీ దా బాబూ, దా. ఈపాలి సేపల పులుసెడతాను."

అతని కళ్లు నిండాయి. "దా," అన్నాడు తనూ.

అతను మెట్లు దిగాక అమ్మ నన్ను చూసి, "ఏటే, అలాగున్నావు? నానేటన్నాను?" అంది.

రేపు డాక్టరు చెబుతున్నంతసేపూ అతను నావైపే చూస్తాడు.