తోవలో చెప్పిన లెక్కలు

ముడిమ్యాల

అరుణశ్రీ,

'మీరు' అని మొదలుపెట్టి కొట్టేశాను. ఒకే బెంచీ వాళ్లం కదా.

బతుకమ్మకు వచ్చినప్పుడు, "నాకంటే నువ్వే హుషారుంటివి గదనే, లెక్కల్ల ఎట్ల ఫెయిలైనవ్?" అని అడిగావు. నీ కంప్యూటర్ ఉద్యోగం చూసి అప్పుడు నవ్వేశాను, జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో పొద్దున్నే మీ చేలో కూలికి బంతిపూలు తెంపి, పట్నం బండికెక్కించి నేను బడికి చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. అది లెక్కలది. సాయంత్రం చేవెళ్ల నుంచి నడిచొస్తూ, ఆ లెక్కలన్నీ తోవలో మట్టిమీద పుల్లతో గీసి చెప్పేదానివి. నా చేతుల బంతి వాసనకు తుమ్మేదానివి. ఆ వాసనొస్తే నాకిప్పటికీ నువ్వూ, లెక్కలూ గుర్తొస్తాయి. పదో తరగతికి నిన్ను పట్నం హాస్టల్లో వేశారు. నాకు తోవ ఒక్కటే మిగిలింది.

నా బిడ్డ సమత ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. పొద్దున పూలకు దాన్నీ తోలమంటున్నాడు మీ ధనరాజన్న. "గంటసేపే గదనే" అంటాడు. ఆయన చేలో కూలికి పోయేదాన్ని, ఎట్లా కాదంటాను? నువ్వొక్కసారి మీ అన్నకు ఫోన్ చేసి, దాన్ని పూలకు పిలవొద్దని చెప్పు.

దానికీ మొదటి పీరియడ్ లెక్కలే. మీ అన్న కూతురిదీ తొమ్మిదే. కానీ ఆ పిల్ల బస్సులో మొయినాబాద్ ప్రైవేటు బడికి పోతుంది. సమత తోవలో ఒక్కతే నడిచొస్తుంది.

నీ బెంచీ దోస్తు