చెరువు వెనక దారి

శనివారం రాత్రి

పొద్దున చిన్న మంగళారం దాటి, కంకర దారిలో గుట్ట దిగి, చెరువు దగ్గర సైకిల్ ఆపాను. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే యాదమ్మ ఈసారి నవ్వలేదు. ఉతుకుతున్న బట్టలు వదిలేసి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, ఈ తొవ్వ ఫోన్ల పెట్టింది నువ్వేనట గద?"

అవునన్నాను, కాస్త గర్వంగానే.

"నువ్వొక్కదానివి వస్తే మాకేం అనిపియ్యలే. ఇప్పుడు ఐతారమొస్తే మొగోళ్లు గుంపులు గుంపులు వస్తున్నరు. కట్ట మీద నిలబడి ఫోటోలు దిగుతున్నరు. మేం తానం యాడ జెయ్యాలె?"

సైక్లింగ్ యాప్‌లో ఆ రూట్ పెట్టినప్పుడు చెట్ల నీడ గురించి, కొంగల గురించి ఎంతో రాశాను. వీళ్ల గురించి ఆలోచించనే లేదు.

ఇంటికి రాగానే యాప్‌లోంచి రూట్ తీసేశాను. కానీ ముందే దాచుకున్నవాళ్ల ఫోన్లలో అది అలాగే ఉంటుంది. ఇందాక మా సైక్లింగ్ గ్రూపులో ఎవరో అడిగారు, "రేపు మళ్లీ చెరువు వెనక దారికే పోదామా?" అని.

వద్దని టైప్ చేసి ఆగిపోయాను. ఎందుకని అడుగుతారు. అక్కడ ఆడవాళ్లు స్నానం చేస్తారని రాస్తే, మంచివాళ్లు మానేస్తారు.

మిగతావాళ్లు?