స్టోయన్ చెక్కిన చేతులు

బాపూకి,

మిల్టన్ నుంచి ధరణి దండాలు. నేను బాగున్నాను, ఈ కెనడా చలికి కూడా అలవాటు పడ్డాను. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, అది చదివాకే నాకు అన్నం సయించింది. ఫోన్లో నీకు నా మాట సరిగా వినపడదు గనుక, అడిగినవన్నీ ఇక్కడే చెబుతాను.

కాలేజీ సాగుతోంది. కాఫీ షాపులో పార్ట్‌టైమ్ దొరికింది. ఒక్క ఉద్యోగానికి స్టూడెంట్లు వీధి మలుపు దాకా లైను కడుతున్న రోజుల్లో అది అదృష్టమే. ఇంటి ఓనరు ఎటువంటివాడని అడిగావు. పేరు స్టోయన్. బల్గేరియా నుంచి వచ్చిన ముసలి శిల్పి. ఆయన బేస్‌మెంట్‌లో మేం నలుగురు అమ్మాయిలం ఉంటున్నాం. ఆయన గ్యారేజీలో కారు ఉండదు, చెక్క దుంగలుంటాయి.

వాళ్ల నాన్న చర్చిలకు చెక్కపని చేసేవాడట. ఆయన దగ్గరే ఉలి పట్టి, తర్వాత రాజధానిలో శిల్పం చదువుకున్నాడు. అప్పటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఫోటోలిచ్చి నాయకుల విగ్రహాలు చెక్కించుకుంది. ప్రభుత్వం మారగానే జనం వాటిని తాళ్లు కట్టి పడగొట్టారు. స్టోయన్ ఆ గుంపులోనే నిలబడి చూశాడు.

"బాధ వేయలేదా అంకుల్?" అన్నాను.

"నా పని పోయిందని ఏడ్చాను. ఆ మొహాలు పోయాయని కాదు. వాళ్లలో ఒక్కణ్ణీ నేను ఎరగను."

కెనడా వచ్చి, రిటైరయ్యేదాకా వంటింటి అల్మారాలు చేశాడు. ఇప్పుడు మళ్లీ తనకు నచ్చింది చెక్కుతున్నాడు.

ఇక నీకు చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. అమ్మ బొమ్మ చెక్కించాలని నాకు ఆశ పుట్టింది. "అడుగవే, అంకుల్ కాదనడు" అని నా రూమ్మేట్ తేజశ్రీ వెంటపడింది. వెళ్లి అమ్మ ఆధార్ ఫోటో చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను లేవబోతే, "మా దేశంలో ఇది సరే అన్నట్టు, కూర్చో. కానీ ఈ ఫోటో వద్దు. మీ అమ్మ గురించి చెప్పు" అన్నాడు.

బీడీలు చుట్టేదని చెప్పాను. తునికాకు కత్తిరించడం, చుట్టడం, దారం కట్టడం చేసి చూపించాను. ఆయన దగ్గరికి జరిగి నా వేళ్లనే చూశాడు. వాళ్లమ్మ పొగాకు ఆకులు దారానికి గుచ్చేదట. "చేతులు అలాగే ఉంచు" అని మొదలుపెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. చేతులు పూర్తయ్యాయి. అవి అమ్మవే బాపూ, చూపుడువేలి వంకరతో సహా.

అప్పుడు ఆయన, "నవ్వితే ఎలా ఉండేది?" అన్నాడు.

అమ్మ దగ్గు గుర్తుంది, ఆసుపత్రి మంచం గుర్తుంది. నవ్వు గుర్తు రావడం లేదు. ఎంత ప్రయత్నించినా రావడం లేదు. అదే ఆయనతో చెప్పాను.

"తొందర లేదు. తెలిసినవాళ్లను అడుగు" అని ఆయన ఉలి పక్కన పెట్టాడు. మొహం దగ్గర చెక్క ఇంకా చదునుగానే ఉంది.

అమ్మ పోయాక మనిద్దరం ఆమె మాటే ఎత్తలేదు. నేను ఏడుస్తానని నువ్వు, నువ్వు ఏడుస్తావని నేను. ఇప్పుడు అడుగుతున్నాను. అమ్మ నిన్ను చూసి ఎప్పుడు నవ్వేది? ఎలా నవ్వేది? ఏడుపొస్తే ఏడువు బాపూ. ఏడ్చాక మళ్లీ కూర్చుని రాయి.

ఇట్లు,
మీ ఇద్దరి బిడ్డ,
ధరణి