ఏటి ఒడ్డున జుట్టు విప్పిన అత్త

లువో మాస్టారికి నమస్కారాలు.

మొన్న ఇంగ్లీషు తరగతిలో జుట్టు మీద మాటలు నేర్పుతూ "లెట్ యువర్ హెయిర్ డౌన్", అంటే "జుట్టు విప్పుకో" అన్న మాటకు అర్థమేమిటని అడిగితే నేను నోరు మెదపలేదు. పొగరుతో కాదండీ. మొహమాటం లేకుండా హాయిగా ఉండమని అర్థమన్నారు మీరు. మా యావో తెగవాళ్ళ ఊళ్ళో, మా అత్త కాలంలో, విప్పిన జుట్టు మొగుడికి తప్ప పరాయివాళ్ళకు కనపడకూడదు. డెబ్భై ఏళ్ళొచ్చినా అత్త, మా ఆడవాళ్ళ పొడుగు జుట్టు చూడ్డానికి వచ్చే టూరిస్టుల ముందు తలగుడ్డ తీయలేదు.

నిన్న పొద్దున్నే, ఏటి మీద మంచు ఇంకా విడకముందే, నాకు తలంటుదామని అత్త నన్ను ఏటికి తీసుకెళ్ళింది. ఒక విదేశీ అమ్మాయి వచ్చి మా పక్కన బండ మీద కూర్చుంది. జబ్బు చేసిందేమో, తల మీద ఒక్క వెంట్రుక లేదు. హాయిగా కూర్చోమందామని మీరు నేర్పిన ఆ మాటే అనేశాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది.

"ఏమన్నావే దాన్ని?" అంది అత్త.

చెప్పాను.

"నీ నోరు పడ! విప్పుకోడానికి దానికేముందే?"

అంటూనే అత్త తన తలగుడ్డ లాగేసింది. నల్లటి జుట్టు జారి నీళ్ళలో పరుచుకుంది. ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకుని, జుట్టు పెరగడానికీ నెరవకుండా ఉండడానికీ మా ఊళ్ళో పెట్టుకునే పులిసిన బియ్యం కడుగునీళ్ళు ఆ నున్నటి తలకు మెల్లగా పట్టించింది.

"వస్తుందిలే తల్లీ," అంది మా భాషలో.

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. వంతెన మీద జనం ఆగి చూస్తున్నా అత్త తల కప్పుకోలేదు.

మాస్టారూ, మన్నించమని ఇంగ్లీషులో ఎలా అడగాలో సోమవారం నేర్పండి. ఆ అమ్మాయి బుధవారం దాకా ఊళ్ళోనే ఉంటుంది.

మీ విద్యార్థిని