మేడగదికి కుక్కతో వచ్చిన నర్సమ్మ

గుజరాతు, వెరావల్ నుంచి

అప్పకు దణ్ణాలు పెట్టి నీ చెల్లెలు నూకాలు రాస్తున్నది.

మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి, బావ దగ్గు, అమ్మ చూపు ఎలా ఉన్నాయో విడివిడిగా చెప్పు. అందరం బాగున్నాం అని ఒక్క ముక్కలో తేల్చేయకు. ఫోనుండగా ఉత్తరమేమిటి అంటావేమో. ఫోనులో అయితే సగం వినకుండానే వద్దని పెట్టేస్తావు. కాగితాన్ని ఎంత కసిరినా చెప్పాల్సింది చెప్పే తీరుతుంది.

నీ మరిది వేటకని పడవెక్కి పన్నెండు రోజులైంది. ఇక్కడ చలి ఇంకా వదల్లేదు. పప్పులో బెల్లం వేస్తారప్పా, పప్పులో! మొదట్లో ముద్ద దిగేది కాదు, ఇప్పుడు అలవాటైంది. నేను రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళ్తున్నాను. సాయంత్రం గదికొచ్చాక పలకరించే దిక్కుండదు, అదొక్కటే బాధ. దిగులు పడకు, బాగానే ఉన్నాను.

ఇక అసలు సంగతి. విజయనగరంలో మన మేడగది అద్దెకడిగిన నర్సమ్మ కుక్కతో వస్తానందని ఆ రోజు ఫోనులో ఎంత గోల చేశావు!

"ముసలిదంట, ఒంటికన్నుదంట. అయితే ఏటే? పళ్ళున్నాయి కదా! నానుండగా అది మెట్లెక్కదు" అన్నావు.

నేనూ ఆలోచించకుండా "వద్దని సెప్పీ అప్పా" అనేశాను. నీ పిక్క మీద మచ్చ నాకు తెలియదా? చేపలగంప నెత్తిన పెట్టుకుని నువ్వు వీధులు తిరుగుతుంటే నీ కొంగు పట్టుకుని వచ్చేదాన్ని. కుక్క కరిచిన ఆ రోజు అది నా మీదకే వచ్చింది. నువ్వు గంప పడేసి నాకు అడ్డం నిలబడ్డావు.

కానీ మొన్న ఇక్కడొకటి జరిగింది. ఈ ఇంటివాళ్ళు నీచు ముట్టరు. గది ఇచ్చేటప్పుడే ఇంటావిడ చేపలు వండకూడదంది, నేను సరేనన్నాను. అలా ఒప్పుకుని కూడా నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళను ఐదు కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో దాచాను. మొన్న నోరాగక, తలుపు మూసి రెండు గుప్పిళ్ళు వేయించాను. ఆ వాసన తలుపుకి ఆగుతుందా? ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చేసింది. ఖాళీ చేయమంటుందనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ముందే అడిగితే పెరటి గోడ అవతల పొయ్యి పెట్టుకోమనేదాన్ని కదా, ఎందుకు దాచావు అంది. సిగ్గుతో చచ్చిపోయానప్పా.

ఆ నర్సమ్మ నాలాగ దాచలేదు. గుమ్మంలో నిలబడి, నాకో కుక్క ఉంది, ఒప్పుకుంటారా అని నిన్ను అడిగింది. ఒంటరి మనిషి. డ్యూటీ నుంచి వచ్చాక ఆమెకు ఎదురొచ్చేది ఆ జీవమొక్కటేనేమో. మూడు రోజులుగా నాకిదే ఆలోచన.

ఒప్పుకోమని మాత్రం నేను రాయడం లేదు. గది నాదైనా ఆ మెట్ల కింద కాపురం ఉండేది నువ్వు. రోజూ గంపతో ఆ కుక్క ముందు నుంచి నడవాల్సింది నువ్వు. బావను తోడు తీసుకుని ఒక్కసారి వెళ్ళి దాన్ని చూసి రా. మెట్ల మీద గొలుసు విప్పొద్దని నర్సమ్మకు చెప్పు. మేడ మీద నువ్వు చేపలు ఎండేసిన రోజు గదిలోనే ఉంచమను. అప్పటికీ గుండె దడ తగ్గకపోతే వదిలేయ్, ఇంకెవరైనా వస్తారు.

నెత్తళ్ళు ఇంకాసిని పంపు, ఈసారి దాచను. అమ్మ కాళ్ళకు నా బదులు దణ్ణం పెట్టు. బావకు నమస్కారాలు. నీ మరిది చల్లగా ఒడ్డు చేరాలని దీవించండి.

ఒక్క మాట. నర్సమ్మకి సరేనని చెప్పేటట్టయితే నీ పేరుతోనే చెప్పు. వద్దని చెప్పాల్సి వస్తే, గుజరాతులో ఉన్న నా చెల్లెలు ఒప్పుకోలేదు అని నా మీద పెట్టేయ్. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటుంది. ఈసారి నీకు నేను అడ్డం నిలబడతాను.

నీ కొంగు పట్టుకు తిరిగిన
నూకాలు