స్టేషన్లో నువ్వన్న మాట

బాపూ,

నిన్న నీ సంవత్సరీకం. కాగజ్‌నగర్‌లో ఇంటికి వెళ్లి, ఇందాకే కరీంనగర్ హాస్టలుకు తిరిగొచ్చాను. అవ్వ నీ ఫొటో ముందు సర్వపిండి పెట్టింది.

ఇంట్లోవాళ్లలో ఒకరి గురించి రాయమని కాలేజీలో మా ఇంగ్లీషు మేడం చెబితే నీ గురించే రాశాను. మిల్లు సైరను, నీ సైకిలు, మొదటిసారి నన్ను హాస్టలుకు పంపుతూ స్టేషన్లో నువ్వన్న మాట, అన్నీ ఇంగ్లీషులో. రేపు క్లాసు ముందు నిలబడి చూడకుండా చెప్పాలి. తెలుగు మీడియం దాన్ని కదా, నవ్వుతారేమోనని వారం నుంచి బట్టీ కొడుతున్నాను.

నిన్న తినేటప్పుడు అవ్వ అడిగింది. "ఆ దినం రైలెక్కిచ్చేటప్పుడు మీ బాపు ఏం చెప్పిండు బిడ్డా?"

నోరు తెరిస్తే ఇంగ్లీషే వచ్చింది.

"గట్ల నాకు సమజ్ కాదు. ఆయన చెప్పినట్టు చెప్పు."

ఎంత వెతికినా నీ మాట దొరకలేదు. "పైలం" అన్నావా, "ఫికర్ చెయ్యకు" అన్నావా? అవ్వ ముద్ద కలపడం ఆపి నా మొహమే చూస్తూ కూర్చుంది.

రేపు ఒక్క ముక్కైనా మరిచిపోతానేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను. ఇప్పుడు ఆ ఇంగ్లీషులో ఒక్క ముక్కా ఎప్పటికీ మరిచిపోనేమోనని భయంగా ఉంది బాపూ.