గోదావరి ఒడ్డున ఎవరికీ తెలియని పేరు

అక్కా,

నిన్న ధర్మపురిలో నీ సంవత్సరీకం పెట్టారు. గోదావరి ఒడ్డున అయ్యగారు నీ పేరు అడిగితే బావ తన తమ్ముళ్ల ముఖాలు చూశాడు.

"చెన్నూరామె," అన్నాడు చివరికి.

"గది ఊరి పేరు. మనిషి పేరు చెప్పుండ్రి."

"ముప్పై ఏండ్ల సంది గట్లనే పిలిచినం. ఇంకో పేరున్నదా ఏంది?" అన్నాడు నీ పెద్ద మరిది.

విష్ణువు వెయ్యి నామాలు తెల్లవారితే తప్పు పోకుండా చదివే పుణ్యాత్ములు వీళ్లు! దేశంలో మొదటి ఓట్లప్పుడు ఓటర్ల లిస్టులో కూడా నిన్ను ఫలానావాని భార్య అనే రాయించారు.

"అనసూయ!" అని నేనే అరిచాను. రేవులో బట్టలు ఉతికేవాళ్లు కూడా తిరిగి చూశారు.

నీ పేరుకు అర్థమేమిటని ఒకసారి నన్ను అడిగావు. ఊరూరా పురాణం చెప్తూ పేర్లకు అర్థాలు విప్పే నేను, "పురాణానికి రారాదూ, చెప్త," అన్నాను. "పొయ్యి ఇడిసి ఎట్లస్త తమ్మీ?" అన్నావు.

ఇప్పుడు విను. అనసూయ అంటే ఎదుటివాళ్ల మంచిలో చెడు వెతకనిది.

నిన్న పేరు విన్నాక కూడా దాని అర్థమేమిటని వాళ్లలో ఒక్కడూ అడగలేదు. తిని, తేన్చి, బండి ఎక్కారు. అడిగినదానివి నువ్వొక్కదానివే.